ఒంటిచేత్తో పెంచిన అమ్మ చేత ఆ రోజుల గురించి చెప్పించడం ఎలా?

అల్లిపురం వాసి అడిగిన ప్రశ్న:

మాది విశాఖపట్నంలోని అల్లిపురం. 1986లో నాన్న పచ్చకామెర్లతో పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకు పదకొండేళ్లు. నాన్న లారీలకు సరుకెత్తే కళాసీ. ఏ రోజు కూలి ఆ రోజే తెచ్చుకునే మనిషి కనుక, ఆయన వెనుక మాకు ఉద్యోగమో పింఛనో వచ్చే దారి లేదు. అయిదో తరగతి దాకా చదివిన అమ్మ ఎక్కడి నుంచో కాలితో తొక్కే పాత కుట్టుమిషను ఒకటి తెచ్చి, మేము అద్దెకుంటున్న ఒంటిగదిలో కిటికీ పక్కన వేసుకుని, వీధిలోని ఆడవాళ్ల జాకెట్లు కుట్టి మమ్మల్ని పెంచి పెద్దచేసింది. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు. మధురవాడలో మా ఫ్లాటులోనే ఉంటోంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. నాయనమ్మ ఎలా బతికిందో వాళ్లకు ఆమె మాటల్లోనే వినిపించాలని రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఫోనులో రికార్డింగు పెట్టి ఎదురుగా కూర్చుని, "అమ్మా, ఆ రోజుల్లో ఎంత కష్టపడ్డావో చెప్పు" అంటే, "ఏముందిరా చెప్పడానికి? అందరూ బతికినట్టే మనమూ బతికాం" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

పోనీ నాకు గుర్తున్నవే రాసిపెడదామని కూర్చుంటే ఇంకొక చిక్కు వచ్చిపడింది. ఆ పదేళ్లలో అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆమె వీపు గుర్తుంది. పగటి వెలుతురు వృథా పోకూడదని మిషనును కిటికీకి ఎదురుగా వేసుకునేది కనుక, వెనక చాప మీద కూర్చుని ఎక్కాలు వల్లించే నాకు కనిపించినదల్లా కొంగు నడుముకు దోపుకుని ముందుకు వంగిన వీపు, మెడ చుట్టూ వేలాడే టేపు, వేసవిలో మధ్యాహ్నానికి అరచేయంత ఉండి సాయంత్రానికి నడుము దాకా పాకే చెమట మరక. ఆమె మనసు ఎలా ఉందో మిషను చప్పుడును బట్టే తెలిసేది. ఎవరైనా కుట్టుబడి ముందుగా ఇచ్చి వెళ్తే తొక్కుడు ఒకే లయలో సాగేది. కొలత తప్పిందని ఎవరైనా జాకెట్టు విసిరేసి పోతే, ఆ కుట్లు విప్పుతున్నంతసేపూ ఇంట్లో చప్పుడే ఉండేది కాదు. నేను భయపడింది ఎప్పుడైనా ఆ సమయంలోనే.

మిగిలిన గుడ్డపేలికలను పారేయకుండా ఆమె ఒక బొంత కుట్టింది. రాత్రిళ్లు దాన్ని కప్పుకుని, వీధి దీపం వెలుతురులో ఏ ముక్క ఎవరిదో గుర్తుపట్టడం నా ఆట. చిలకపచ్చది కిరాణా కొట్టు అత్తగారిది, నల్లపూలది టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్లే అమ్మాయిది, జరీ అంచుది పెళ్లి చేసుకుని బొబ్బిలి వెళ్లిపోయిన మేడమీది పిన్నిది. వీధిలో ఏ పేరంటం జరిగినా అక్కడి ఆడవాళ్ల ఒంటి మీద మా అమ్మ కుట్టిన జాకెట్లే ఉండేవి. పేరంటానికి మాత్రం మా అమ్మకు పిలుపు ఉండేది కాదు. మార్గశిర మాసం లక్ష్మివారాలలో, తెల్లవారకముందే మమ్మల్ని నిద్ర లేపి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి నడిపించుకుని వెళ్లేది. ఆ అమ్మవారి నెత్తిన గోపురం లేదు, కప్పూ లేదు. అక్కడ భక్తులు తమ చేతులతో తామే పసుపు కుంకుమలు సమర్పించి పూజ చేసుకోవచ్చు. ఇంటి చుట్టూ ఇన్ని గుళ్లుండగా ఆమె అంత దూరం ఎందుకు నడిచేదో నాకు మీసాలు వచ్చిన తరువాత గానీ అర్థం కాలేదు.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో అందరికీ తెలిసినదే. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం మా ఇంట్లో కుండ నింపింది. రేషను కొట్టు దగ్గర నీలి కిరోసిను వరుసలో డబ్బా పెట్టుకుని నిలబడటం నా పని. అక్క హుక్కులు, కాజాలు కుట్టేది, వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టేది. ఎవరి కొలతలు ఎంత, ఎవరి బాకీ ఎంత అని అమ్మ రాసుకున్న పుస్తకాలు ట్రంకుపెట్టెలో పదిలంగా ఉండేవి. అవి ఉంటే వాటిని అడ్డం పెట్టుకునైనా మాట కలిపేవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని తాకిన రోజు ఇంటి మీది రేకులు లేచిపోయి, పెట్టె నిండా నీళ్లు చేరి, అవన్నీ ముద్దయిపోయాయి. తమాషా ఏమిటంటే, తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక వీధిలోని మోటారు మిషన్లు మూలన పడితే, అమ్మ మిషను మాత్రం ఆగకుండా నడిచింది. ఆ నెలలోనే ఆమెను బలవంతాన నా దగ్గరికి తెచ్చుకున్నాను. మిషను కూడా వెంట వచ్చింది. దాని తల విప్పి అటక మీద పెట్టి, ఇనుప స్టాండు మీద గాజుపలక వేయించి, హాల్లో పూలకుండీ పెట్టుకున్నాం. చూసినవాళ్లంతా బాగుందంటారు.

తండ్రి లేని ఇంట్లో, కష్టించే తల్లి నీడన పెరిగినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. మీ అమ్మల చేత ఆ రోజుల గురించి మీరు ఎలా చెప్పించారు? మీకు కూడా వాళ్లు ఇలా వెనక నుంచే గుర్తున్నారా?

రేవు పిల్ల రాసిన జవాబు:

మీకు వీపైనా గుర్తుంది. నేను లేచేసరికి మా అమ్మ ఇంట్లోనే ఉండేది కాదు. మాది పెదజాలారిపేట. నాన్న వేట కోసం గుజరాతులోని వేరావల్ వెళ్లాడు. మన ఉత్తరాంధ్ర జాలర్లు అక్కడి బోట్ల మీద పనికి వెళ్లడం మామూలే. నెలల పాటు ఉండి, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక తిరిగి వస్తారు. నాన్న రెండేళ్లు అలాగే వచ్చాడు, మూడో ఏడు రాలేదు. అక్కడ ఇంకొక సంసారం ఉందని ఆ తరువాత పేటలో ఎవరో చెప్పారు. అటు ముత్తయిదువగానూ చెల్లక, ఇటు విధవరాలుగానూ చెల్లక, ఏ పేరంటంలోనూ ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషిగా అమ్మ మిగిలిపోయింది. మీ పేరంటం మాట చదివినప్పుడు అది గుర్తొచ్చింది.

తెల్లవారుజామున మూడింటికి లేచి ఆమె ఫిషింగ్ హార్బరుకు బయలుదేరేది. బోట్ల నుంచి దించిన చేపలను అక్కడ గుట్టలుగా పోసి వేలంపాట పెడతారు. ఒక్కొక్కరి దగ్గర అంత పెట్టుబడి ఉండదు కనుక నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి ఒక గుట్ట పాడుకుని పంచుకుంటారు. తన వాటాను తట్టలో వేసి నెత్తికెత్తుకుని, పెదవాల్తేరు నుంచి ఎం.వి.పి. కాలనీ దాకా ఇల్లిల్లూ తిరిగి, పన్నెండు దాటాక ఇంటికి చేరేది. పొద్దున్న నాకు జడ వేయడానికి ఆమె ఉండదు. అందుకని ముందు రాత్రే చింతపండుతో చేతులు రుద్ది కడుక్కుని, బడికి కావలసిన రెండు జడలూ రిబ్బన్లతో సహా బిగించి వేసి పడుకోబెట్టేది. జడ చెదరకుండా ఒక పక్కకే తిరిగి పడుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, నలభై దాటిన తరువాత కూడా నాకు వెల్లకిలా పడుకుంటే నిద్ర పట్టదు.

ఎంత రుద్దినా చింతపండు కొంత వాసననే తీస్తుంది. ఒక రోజు బడిలో నా వెనక బల్ల మీది పిల్ల ముక్కు మూసుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నా జుట్టు ముట్టుకోవద్దని అమ్మతో అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి చేతికి ఉతికిన గుడ్డ చుట్టుకుని దువ్వేది. గుడ్డ చుట్టిన చేత్తో పాయలు సరిగ్గా కుదరక రెండు మూడు సార్లు విప్పి వేసేది. ఎనిమిదేళ్ల పిల్లకు ఏం తెలుసులే అని సరిపెట్టుకోవాలని చూస్తాను గానీ, కుదరదు.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. కష్టం గురించి అడగకండి, ధరల గురించి అడగండి. నేను కూడా మీలాగే ఏళ్ల తరబడి తప్పు ప్రశ్న అడిగాను. ఒక రోజు భోజనాల దగ్గర, "హార్బరులో నువ్వు మొదటిసారి పాడిన గుట్ట ఎంతకు వచ్చింది?" అని ఊరికే అడిగాను. ఆ రోజు అన్నం చల్లారిపోయింది. కానాగడతలు వందకు ఎంత పలికేవి, వంజరం ముక్క కోయించుకుని తోక భాగం వద్దనే ఇల్లు ఏది, చందువా చేపను బేరమాడకుండా కొనే పెద్దాయన ఏ వీధిలో ఉండేవాడు, ఎవరు మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవారు, ఎవరు గ్లాసు విడిగా పెట్టేవారు, అన్నీ వరుసగా వచ్చాయి. ఇప్పుడు మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లకూడదు. మా చిన్నప్పుడు అంత పొడుగు విరామం లేకపోయినా, తుపాను పట్టి బోట్లు కదలని వారాలు ఉండేవి. ఆ వారాల కోసమని నెత్తళ్లను ఇసుకలో ఎండబెట్టి కుండలో దాచేదట. పప్పులోకి ఒక గుప్పెడు నెత్తళ్లు వేస్తే నాకు పండగలా ఉండేది, అది ఇంట్లో డబ్బులు లేని వారమని తెలియక. మా అమ్మకు చదువు రాదు, గోడ మీది బొగ్గు గీతలే ఆమె లెక్కలు. అయినా ముప్ఫై ఏళ్ల కిందటి ధర ఒక్కటీ తప్పు చెప్పలేదు. ధరలతో మొదలుపెట్టండి, మనుషుల దగ్గరికి ఆమే వస్తుంది.

పాత కాగితం రాసిన జవాబు:

రేవు పిల్ల గారి సలహా బాగుంది. మా ఇంట్లో మాత్రం పని చేసింది కాగితం. నాన్న మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు గానీ, ప్రతి దరఖాస్తులోనూ ఉండేవాడు. నన్ను బడిలో వేసేటప్పుడు తండ్రి సంతకం లేనిదే కుదరదన్నారు. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. అమ్మ రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగి, చివరికి మా మేనమామ చేత సంరక్షకుడు అని ఉన్న గడిలో సంతకం పెట్టించింది. నన్ను పెంచుతున్న మనిషి పక్కనే నిలబడి ఉండగా, సంక్రాంతికి తప్ప గడప తొక్కని మామయ్య నాకు సంరక్షకుడయ్యాడు.

తరువాత ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేరి, ఆ గడి వెనక ఉన్న కథ తెలుసుకున్నాను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ముందు తండ్రిని, "అతని తరువాత" తల్లిని సహజ సంరక్షకులుగా చెప్పింది. ఆ "తరువాత" అన్న మాటకు తండ్రి చనిపోయిన తరువాత అని మాత్రమే అర్థం కాదనీ, అతను ఉండి కూడా బిడ్డను పట్టించుకోనప్పుడు తల్లే సంరక్షకురాలనీ సుప్రీంకోర్టు తేల్చడానికి 1999 దాకా పట్టింది. అప్పటికి నా బడి చదువు అయిపోయింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి, తల్లిదండ్రులలో ఒకరి పేరు ఇస్తే చాలన్నారు. ఇవన్నీ అమ్మకు చదివి వినిపిస్తే ఆవులించింది. కానీ 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం, ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే రేషను కార్డుకు ఇంటి పెద్దగా రాయాలి. ఆ విధంగా వచ్చిన కార్డును చేతిలో పెట్టినప్పుడు, తన పేరు మొదటి వరుసలో ఉండటం వేలితో తడిమి చూసుకుని, "ఆ రోజు బడిలో ఆ గుమాస్తా నా వైపు చూడకుండా నీతో మాట్లాడాడు, నీకు అయిదేళ్లు" అని మొదలుపెట్టింది. అప్పటిదాకా నాకు తెలియని విషయాలు ఆ ఒక్క మధ్యాహ్నంలో బయటికి వచ్చాయి.

లెక్కల పుస్తకాలు తడిసిపోయి ఉండవచ్చు. మీ ఇంట్లో ఇంకా టీసీలు, మార్కుల జాబితాలు, అద్దె రసీదులు ఏవైనా మిగిలి ఉంటాయి. వెతకండి.

విశ్రాంత పంతులమ్మ రాసిన జవాబు:

నేను మీ అమ్మగారి ఈడుదాన్నే బాబూ. భర్త పోయిన తరువాత పంతులమ్మగా పని చేసుకుంటూ ఇద్దరు మగపిల్లలను పెంచాను. కనుక దీన్ని అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఉత్తరం అనుకోండి.

ఎంత కష్టపడ్డావో చెప్పమని కొడుకు అడిగితే ఏ తల్లీ చెప్పదు. కష్టపడ్డాను అని చెబితే, నిన్ను పెంచడం నాకు కష్టమైంది అని చెప్పినట్టు ఉంటుంది. ఆ మాట మా నోటి నుంచి రాదు. బడిలో యాభైమంది పిల్లల ముందు రోజంతా ఓర్పుగా ఉండి ఇంటికి వచ్చేసరికి, నా సొంత పిల్లల కోసం ఆ ఓర్పు ఏమీ మిగిలేది కాదు. మా చిన్నవాడు ఒకసారి, "అమ్మా, నన్ను నీ తరగతిలో వేసుకో" అన్నాడు. వాడికి చదువు మీద ఆసక్తి పుట్టిందని మురిసిపోయి తోటి పంతులమ్మలకు చెప్పుకున్నాను. వాడు ఏం అడిగాడో నాకు తెలిసేసరికి వాడికి పెళ్లయింది. నేను ఇది వాడితో ఎప్పుడూ అనలేదు, మీకు చెబుతున్నాను.

మీకు పనికొచ్చే మాట ఒకటి రెండు చెబుతాను. కోడలి ముందు అడగకండి, ఎంత మంచి కోడలైనా సరే. ఆ ఫోను లోపల పెట్టండి. ఎదురుగా కూర్చోవద్దు, పక్కన కూర్చోండి. ఏళ్ల తరబడి మీకు వీపు చేసి కూర్చున్న మనిషికి, మీ ముఖం చూడకుండా మాట్లాడటమే అలవాటై ఉంటుంది. ఆమె చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడు, కూర తరిగేటప్పుడో బట్టలు మడిచేటప్పుడో అడగండి. ఒకచోట ఆమె ఆగిపోతే మీరూ ఆగిపోండి. కొన్ని మీకు చెప్పవలసినవి కావు. నా దగ్గరా అలాంటివి ఉన్నాయి, అవి నాతోనే పోతాయి.

ఇంటికి పెద్దపిల్ల రాసిన జవాబు:

కొంచెం కటువుగా రాస్తున్నాను, మన్నించండి. అల్లిపురం వాసి గారి ప్రశ్నను మూడుసార్లు చదివాను. బొంతలో ఏ ముక్క ఎవరిదో ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. అక్కగారి గురించి మాత్రం ఉన్నది ఒకే ఒక్క వాక్యం. హుక్కులు, కాజాలు కుట్టేది, నీళ్లు పట్టేది.

ఒక జాకెట్టుకు ఎన్ని హుక్కులుంటాయో మీరు ఎప్పుడైనా లెక్కపెట్టారా? అయిదో ఆరో ఉంటాయి. ప్రతి హుక్కు కంటిలోనూ నాలుగైదు సార్లు సూది దూర్చి బిగించాలి, ఎదుటి అంచున దారంతో అన్నే కాజాలు అల్లాలి, ఆ పైన చేతులకూ మెడకూ హెమ్మింగు చేయాలి. మిషను మీద పని ఎంతసేపు పడుతుందో, చేతిపని అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. దసరా ముందు వారాల్లో రోజుకు అయిదు జాకెట్లు అనుకున్నా, బడి నుంచి వచ్చిన పిల్ల కిరోసిను దీపం దగ్గర ముప్ఫై హుక్కులు కుట్టి పడుకోవాలి. మీరు అమ్మ వీపు చూస్తూ ఎక్కాలు వల్లించారు. ఆ గదిలోనే, మీ పక్కన, ఆమె ఉండి ఉంటుంది కదా? ఆమె ముఖం గుర్తుందా?

మాది జ్ఞానాపురం. నాన్న పోయాక అమ్మ రెండిళ్లలో వంట చేసి, సాయంత్రం ఒక మెస్సులో చపాతీలు ఒత్తేది. నాకు ఇద్దరు తమ్ముళ్లు. తొమ్మిదేళ్లకే నేను గంజి వార్చాను. గిన్నె ఎత్తలేక గట్టు అంచుకు జరిపి, మూత మీద గుడ్డ నొక్కిపెట్టి వంచేదాన్ని. ఒకసారి చెయ్యి జారి మోకాలి మీద పడింది, మచ్చ ఇప్పటికీ ఉంది. చిన్న తమ్ముడికి చెవిలో చీము పట్టినప్పుడు కె.జి.హెచ్. పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకుని వరుసలో నిలబడింది నేనే. ఆ ఏడు వాడు బడిలో "మా ఇల్లు" అని వ్యాసం రాస్తూ, మా అమ్మ వండి పెడితే మేము తింటాము అని రాశాడు. మంచి మార్కులు వచ్చాయి. మా ఇంట్లో మా అమ్మ వండేది ఆదివారాలు మాత్రమే.

అమ్మ మీద నాకు కోపం లేదు. తన రెండు చేతులూ చాలక నా రెండు చేతులూ తీసుకుంది, ఇంకెవరి చేతులు తీసుకుంటుంది? నాకు గుచ్చుకున్నది మీ ప్రశ్న తలకట్టులోని "ఒంటిచేత్తో" అన్న మాట. మీ అక్కగారు ఎంతవరకు చదివారు? ఎప్పుడు ఆపారు? అమ్మగారిని కదిలించే ముందు ఆ రెండూ తెలుసుకోండి.

అల్లిపురం వాసి, నెల రోజుల తరువాత:

పెద్దపిల్ల గారి జవాబు చదివినప్పుడు మొదట వచ్చింది కోపమే. జవాబు కూడా రాసి, పంపకుండా చెరిపేశాను. తరువాత పాత కాగితం గారు చెప్పినట్టు అటక మీది సంచులు దించి వెతికాను. నా పదో తరగతి టీసీ మడతలో అక్క ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష మార్కుల జాబితా దొరికింది. 1988. లెక్కల్లో నూటికి ఎనభై ఆరు. నాకు ఏ తరగతిలోనూ అన్ని మార్కులు రాలేదు. అక్క ఎనిమిదిలో కొన్నాళ్లు వెళ్లి మానేసిందని నాకు తెలుసు. దానికి చదువు అబ్బలేదని బంధువులలో ఎవరో అన్న మాటను ఇన్నేళ్లూ నమ్మి, నా పిల్లలకు కూడా అలాగే చెప్పాను.

ఆదివారం అమ్మను తీసుకుని గోపాలపట్నంలో అక్క ఇంటికి వెళ్లాను. ఫోను బయటికి తీయలేదు. ఇద్దరూ గోరుచిక్కుళ్లు తుంపుతూ ఉంటే పక్కన కూర్చుని, "అమ్మా, ఆ మిషను ఎంతకు కొన్నావు?" అని అడిగాను. "ఆరువందల యాభై" అన్నది, తల ఎత్తకుండా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. అమ్మినాయన డాబాగార్డెన్స్‌లో ఒక ముసలి దర్జీ అట. చూపు ఆనక అమ్మేశాడు, అమ్ముతూ ఏడ్చాడు, ఏడుస్తూనే ఏడువందల దగ్గర చాలాసేపు పట్టుకు కూర్చున్నాడు. లైనింగు లేని జాకెట్టుకు అయిదు రూపాయలు, లైనింగు వేస్తే పన్నెండు, చీరకు ఫాల్ కుడితే రెండు. నేను బొంతలో గుర్తుపట్టే నల్లపూల జాకెట్టు అమ్మాయి పదమూడు రూపాయలు బాకీ పెట్టి వెళ్లిపోయిందట. "ఇప్పుడు ఎక్కడుందో ఏమో, కనిపిస్తే అడగాలి" అన్నది అమ్మ. నవ్వుతోంది అనుకున్నాను గానీ, నవ్వడం లేదు.

అప్పుడు, "ఆ ఆరువందల యాభై ఎక్కడిది?" అని అడిగాను. ఆమె చేతులు ఆగాయి. తుంపిన చిక్కుళ్ల పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పంతులమ్మ గారి మాట గుర్తొచ్చి నేనూ ఊరుకున్నాను. చెప్పింది అక్క. నాన్న పోయిన పదకొండో రోజు తీసిన సూత్రాలను అమ్మ కొంగున ముడివేసుకుని, కురుపాం మార్కెట్టులో ఒక కొట్టుకు తీసుకువెళ్లిందట. పెద్దవాళ్లకు చెబితే వద్దంటారని అక్కను తోడు పెట్టుకుంది. బంగారం తులం రెండు వేల చిల్లర ఉన్న రోజులు. తరుగు పోగా తొమ్మిదివందల చిల్లర చేతికి వచ్చింది. మిషనుకు పోగా మిగిలినదానితో నాకు బడి బట్టలు, సంచి, మిగతాది అద్దెకు. తిరిగి వచ్చేటప్పుడు అక్కకు ఒక సూదుల పొట్లం కొనిపెట్టి, ఎవరికీ చెప్పవద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. అక్క ఎవరికీ చెప్పలేదు, బావగారికి కూడా.

ఎనిమిదో తరగతి ఎందుకు మానేశావని అడిగాను. "దసరా ముందు కదా, ఎవరు కుడతారు? దసరా అయిపోయాక వెళ్దామనుకున్నాను" అన్నది. దసరా తరువాత దీపావళి, ఆ తరువాత సంక్రాంతి వచ్చాయి. ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. మేము బయలుదేరుతుంటే మాత్రం వీధి గుమ్మం దాకా వచ్చి, "ఆ మిషను తల ఉందా, అమ్మేశారా?" అని అడిగింది. మా హాల్లోని పూలకుండీని ఆమె పదేళ్లుగా చూస్తూనే ఉంది, ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం స్టాండునూ తలనూ ఆటోలో వేసుకుని గోపాలపట్నం చేర్చాను. తోలు బెల్టు ఎండి చిట్లిపోయి ఉంది, కొత్తది పూర్ణా మార్కెట్టులో దొరికింది. బావగారూ నేనూ నూనె వేసి, తుప్పు తుడిచి, బెల్టు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క దాన్ని కిటికీ పక్కకు జరిపించుకుని కూర్చుంది. మా పిల్లలిద్దరూ మిషనుకు అవతల, కిటికీ వైపు చేరి నిలబడ్డారు. దారం ఎక్కించకుండా, పాత పేపరు ముక్క ఒకటి పాదం కింద పెట్టింది. కుట్టు నేర్చుకునేవాళ్లు అలాగే మొదలుపెడతారట, అమ్మ తనకు అలాగే నేర్పిందట, నేను బడిలో ఉన్న వేళల్లో. సూది పొడుచుకుంటూ పోయిన మొదటి వరుస వంకరగా వచ్చింది. మంచం మీద కూర్చున్న అమ్మ అక్కడి నుంచే మెడ సాచి చూసి, "కాలు తొందర పడుతోందే, చెయ్యి అందుకోవడం లేదు" అన్నది. అక్క పేపరును తిప్పి పెట్టి మళ్లీ మొదలుపెట్టింది.